ఇంటి ముందు రాతి బాట: బండలు కుంగకుండా పరుచుకోవడం ఎలా?

దీపావళి దాటి వానలు పూర్తిగా తగ్గాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "గేటు నుంచి గడప దాకా బండలు వేయిద్దామనుకుంటున్నాం. తాండూరు మంచిదా, ఇంటర్‌లాక్ మంచిదా?" అని అడుగుతారు. ప్రశ్న ఎప్పుడూ రాయి గురించే ఉంటుంది. నేను మాత్రం ముందు మీ నేల ఎలాంటిది, వాన పడితే నీళ్లు ఎటు పోతాయి అని ఎదురడుగుతాను. ఎందుకంటే నేను చూసినంతలో రాయి పగిలి పాడైన బాటలు చాలా తక్కువ. కింద నేల కుంగి, బండలు ఊగి, సందుల్లో నీళ్లు నిలిచి పాడైనవే ఎక్కువ.

హైదరాబాద్ బోడుప్పల్‌లోని మా ఇంట్లో మొదటిసారి బండలు వేయించినప్పుడు నేనూ ఆ తప్పే చేశాను. డ్రైనేజీ పైపు కోసం తవ్విన కాలువను మట్టితో పూడ్పించి, దాన్ని గట్టిపరచకుండానే పైన తాండూరు బండలు పరిపించాను. ఏడాది పాటు చూడముచ్చటగా ఉంది. 2020 అక్టోబరు వానలు గుర్తున్నాయి కదా, ఆ రాత్రి గడిచి తెల్లారేసరికి పైపు పోయిన దారి పొడవునా బండలు 2 అంగుళాలు దిగిపోయాయి. ఒక బండ లేపి చూస్తే కింద నా చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది. రాయికి ఏమీ కాలేదు. మొత్తం పీకి, కింద నుంచి మళ్లీ చేసి, అవే రాళ్లు తిరిగి పరిచాం. ఇప్పటికీ అవే ఉన్నాయి.

అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను. లెక్క సులువుగా ఉండేందుకు 20 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు ఉన్న బాటను తీసుకుందాం, అంటే 100 చదరపు అడుగులు. సిమెంటు పరుపు లేకుండా ఇసుక మీద పరిచే పద్ధతి ఇది. మీరే చేసుకోవచ్చు, లేదా మేస్త్రీతో చేయిస్తూ దగ్గరుండి చూసుకోవచ్చు. కారు ఎక్కే చోటుకి కొలతలు వేరు, అవి విడిగా చెబుతాను.

ఏ రాయి తీసుకోవాలి?

తాండూరు, షాబాద్ బండలు రెండూ సున్నపురాయే. తాండూరు మన వికారాబాద్ జిల్లాలో ఉంది, షాబాద్ కర్ణాటకలోని కలబురగి జిల్లాలో ఉంది. గనిలోనే పొరలు పొరలుగా వస్తాయి కాబట్టి ఒక వైపు సహజంగానే చదునుగా, కొంచెం గరుకుగా ఉంటుంది. తోటలో కాలు జారకుండా ఉండాలంటే ఆ గరుకు ముఖమే పైకి రావాలి. ఇంట్లో ఫ్లోరింగ్ కోసం అమ్మే ముప్పావు అంగుళం బండ ఇసుక మీద ఆగదు, మధ్యకి విరుగుతుంది. కనీసం అంగుళంన్నర మందం అడగండి.

సున్నపురాయికి పులుపు పడదు. బాత్రూం కడిగే యాసిడ్ పోశారంటే రాయి పైపొర తినేస్తుంది, నిమ్మరసం పడినా తెల్లగా మచ్చ మిగులుతుంది. శుభ్రం చేయడానికి నీళ్లు, చీపురు, మరీ జిడ్డు ఉంటే కాస్త సబ్బు చాలు.

గ్రానైట్ తీసుకుంటే పాలిష్ వైపు కిందికి పోవాలి, లేదంటే మంటతో గరుకు చేసిన ఫ్లేమ్డ్ రకం కొనాలి. కటింగ్ యార్డుల్లో మిగిలిన ముక్కలు చవగ్గా దొరుకుతాయి. అడ్డదిడ్డంగా ఉన్న ఆ ముక్కలతో మొక్కల మధ్య బాట వేస్తే చాలా అందంగా వస్తుంది. కడప నల్లబండ చూడ్డానికి బాగుంటుంది కానీ మన ఏప్రిల్, మే ఎండలకు చెప్పుల్లేకుండా కాలు పెట్టలేరు. పిల్లలు ఆడుకునే చోట నేనైతే వద్దంటాను.

పేవర్ బ్లాకులు, అంటే మనం ఇంటర్‌లాక్ టైల్స్ అనేవి, సిమెంటు కాంక్రీటుతో చేసినవి. వీటికి ఐఎస్ 15658 అనే ప్రమాణం ఉంది. ఇంటి కారు తిరిగే చోటుకి 60 మి.మీ. మందం, ఎం35 గ్రేడు (కాంక్రీటు గట్టిదనం కొలత) అడగండి. రెండు బ్లాకుల్ని ఒకదానికొకటి తట్టి చూడండి, గట్టిగా ఖంగుమనాలి. అంచు గోటితో గీకితే పొడి రాలకూడదు.

బండలు కొనేటప్పుడు ఒక బకెట్ నీళ్లు అడిగి, దొంతరలోంచి నాలుగైదు తీయించి తడపండి. రాయి ఆరుతున్నప్పుడు, కంటికి కనపడని పగులు ఉంటే అక్కడ మాత్రం తడి గీతలా మిగిలిపోతుంది. అలాంటి బండలు పక్కన పెట్టేయమనండి. షాపువాళ్లు విసుక్కున్నా ఈ ఐదు నిమిషాలు మాత్రం వదులుకోవద్దు.

కావలసినవి

100 చదరపు అడుగులకు:

- బండలు 110 చదరపు అడుగులు. కోతలో పోయేదానికి, విరిగిపోయేదానికి 10 శాతం ఎక్కువ.
- పునాదికి 20 మి.మీ. కంకర రెండు వంతులు, క్రషర్ డస్ట్ (రాతి పొడి) ఒక వంతు కలిపి సుమారు 42 ఘనపుటడుగులు. గట్టిపడ్డాక అది 4 అంగుళాల పొరకు సరిపోతుంది. ఎక్కువ పని ఉంటే క్రషర్‌లోనే కలిపి ఇచ్చే వెట్ మిక్స్ తెప్పించుకోండి.
- పరుపుకి, సందులకి గరుకు ఇసుక లేదా కాంక్రీటుకి వాడే రోబో శాండ్ (రాయి నలగ్గొట్టి చేసిన ఇసుక) సుమారు 12 ఘనపుటడుగులు.
- అంచులకి 2 బస్తాల సిమెంటు, కొంచెం ఇసుక, చిన్న కంకర.
- గడ్డపార, పార, తట్టలు, దిమ్మిస (నేలని కొట్టి గట్టిపరిచే సాధనం), రబ్బరు సుత్తి, రసమట్టం (స్పిరిట్ లెవల్), నీళ్ల లెవల్ ట్యూబు, నూలు దారం, మేకులు, 6 అడుగుల అల్యూమినియం బద్ద, ముప్పావు అంగుళం జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులు రెండు, చీపురు.
- దుమ్ముకి ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చేతికి గ్లౌజులు.

ట్రాక్టర్ లెక్కన కొంటే "ఒక ట్రిప్పు" అన్న మాటతో ఆగకండి. ట్రాలీ పొడవు, వెడల్పు, సరుకు ఎత్తు టేపుతో మీరే కొలిచి గుణించండి. అడుగుల్లో కొలిస్తే వచ్చేది ఘనపుటడుగులే. బండల దగ్గర హమాలీ ఖర్చు ధరలో ఉందో, విడిగానో ముందే తేల్చుకోండి.

రోబో శాండ్ అని చెప్పి డస్ట్ పంపడం తరచూ జరిగేదే. గాజు సీసాలో 4 అంగుళాల ఎత్తు ఇసుక పోసి, నీళ్లు నింపి గట్టిగా కుదిపి రెండు గంటలు కదపకుండా పెట్టండి. ఇసుక మీద పేరుకున్న మెత్తటి బురద పొర పావు అంగుళం దాటితే ఆ సరుకు పరుపుకి పనికిరాదు. బురద ఎక్కువున్న పరుపు వానకి నీళ్లు పట్టుకుని మెత్తబడుతుంది, బండ మీద కాలు వేసిన ప్రతిసారీ సందుల్లోంచి పైకి చిమ్ముతుంది.

1. కింద ఏముందో ముందు తెలుసుకోండి

గడ్డపార ఎత్తే ముందు నల్లా పైపు, బోరు మోటారు కేబులు, ఎర్తింగ్ గుంత, డ్రైనేజీ చాంబర్లు, సంపు ఎక్కడెక్కడ ఉన్నాయో సున్నంతో గీతలు గీసుకోండి. కేబులు పోయే చోట మెయిన్ ఆపకుండా తవ్వొద్దు. చాంబరు మూతలు, సంపు మూత బండల కింద పూడ్చేయొద్దు. మూత ఎత్తు పెంచుకోవాలి, లేదా చుట్టూ వదిలేయాలి.

తర్వాత నేల. హైదరాబాద్‌లో చాలా చోట్ల ఎర్రమట్టి, మొరం ఉంటాయి, ఇబ్బంది లేదు. శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు కట్టుకున్నవాళ్లకి నల్లరేగడి తగలొచ్చు. ఎండాకాలంలో వేలు దూరేంత నెర్రెలు, వానాకాలంలో చెప్పుకి కిలోల లెక్కన అంటుకునే మట్టి ఉంటే అది నల్లరేగడే. అది తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, పైనున్న బండల్ని ఏడాదికోసారి లేపి దించుతుంది. అక్కడ మామూలు లోతు కన్నా ఇంకో 9 అంగుళాలైనా ఎక్కువ తీసి, అడుగున జియో టెక్స్‌టైల్ గుడ్డ పరిచి, ఆ లోతంతా మంచి మొరంతో నింపి దిమ్మిస కొట్టించాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. కానీ ఇది మానేసి పైన ఎంత మంచి రాయి వేసినా నిలవదు.

పాత పైపుల కాలువ, పూడ్చిన గుంత ఏదైనా బాట కింద వస్తోందా? ఆ మట్టిని పూర్తిగా తీసి 4 అంగుళాల పొరలుగా తడిపి, గట్టిపరుస్తూ మళ్లీ నింపండి. నేను చేయనిది ఇదే.

2. గీత, మూల, వాటం

నాలుగు మేకులు కొట్టి దారం కట్టండి. మూలలు సరిగ్గా వచ్చాయో లేదో 3-4-5 కొలతతో చూడండి. మూల నుంచి ఒక దారం మీద 3 అడుగులు, రెండో దారం మీద 4 అడుగులు గుర్తు పెడితే, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా 5 అడుగులు రావాలి.

ఇక వాటం, అంటే నీళ్లు జారిపోవడానికి ఇచ్చే వాలు. అడుగుకి పావు అంగుళం చాలు. మన 5 అడుగుల వెడల్పు బాటకి ఇంటి వైపు కన్నా మొక్కల వైపు అంగుళంపావు కిందికి ఉండాలి. పొడవునా వాటం ఇస్తే 20 అడుగులకి 5 అంగుళాలు తేడా వస్తుంది, గేటు దగ్గర ఇబ్బంది. అందుకే అడ్డంగా ఇవ్వమంటాను. వాటం ఏ కారణంతోనూ గోడ వైపు ఉండకూడదు. బండ పైభాగం ఇంటి ప్లింతు పైమట్టం కన్నా కనీసం 6 అంగుళాలు కిందే ఉండాలి, లేకపోతే గోడకి చెమ్మ ఎక్కుతుంది. బాట మీద పడ్డ నీళ్లు మొక్కల్లోకో, ఇంకుడు గుంతలోకో చేరేలా చూడండి. పక్కింటివాళ్ల గోడ మీదికి మళ్లించొద్దు.

ఒక చిన్న ఉపాయం. 2 అడుగుల రసమట్టం తీసుకుని, దాని ఒక చివర అడుగున అర అంగుళం మందం చెక్కముక్క టేపుతో అంటించండి. చెక్క ఉన్న చివర పల్లం వైపు పెట్టి బండ మీద ఉంచినప్పుడు బుడగ మధ్యలో నిలిస్తే మీ వాటం సరిగ్గా ఉన్నట్టే. ప్రతి బండకీ లెక్కలు వేసుకునే టెన్షన్ ఉండదు.

3. తవ్వకం

4 అంగుళాల పునాది, అంగుళం ఇసుక, అంగుళంన్నర రాయి కలిపి ఆరున్నర అంగుళాలు. బండ పైభాగం పక్క మట్టి కన్నా అర అంగుళం ఎత్తులో ఉండాలి కాబట్టి 6 అంగుళాలు తవ్వితే సరిపోతుంది. అంచుల కోసం రెండు వైపులా ఇంకో 4 అంగుళాలు వెడల్పు తీయండి. అడుగు కూడా అదే వాటంతో ఉండాలి. అడుగున గడ్డి వేర్లు, మెత్తటి మట్టి కనిపిస్తే తీసేయండి. వేప, మామిడి లాంటి పెద్ద చెట్టుంటే మొదలు చుట్టూ 3 అడుగులు వదలండి, లావు వేర్లు నరకొద్దు. బాటని కాస్త వంపు తిప్పుకుంటే చెట్టూ బతుకుతుంది, బాటా బాగుంటుంది.

తవ్విన మట్టి వదులై 60 ఘనపుటడుగులు దాటుతుంది. ఎక్కడ పోయాలో ముందే అనుకోండి, రోడ్డు మీద నాలా పక్కన పోస్తే తర్వాతి వానకి అది నాలాలోకే పోతుంది.

4. పునాది: ఇక్కడ తొందరపడొద్దు

ముందు తవ్విన అడుగునే తడిపి దిమ్మిస కొట్టండి. తర్వాత కంకర, డస్ట్ మిశ్రమాన్ని రెండు విడతలుగా వేయండి, ఒక్కో విడత రెండున్నర అంగుళాలు. గట్టిపడితే 2 అంగుళాలవుతుంది. మొత్తం ఒకేసారి పోసి పైన కొడితే పైపొర మాత్రమే బిగుస్తుంది, కింద వదులుగా మిగిలిపోతుంది.

తడి ఎంత ఉండాలంటే, మిశ్రమాన్ని గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్దగా నిలవాలి, చేతిలోంచి నీళ్లు కారకూడదు. పొడిగా ఉంటే ఎంత కొట్టినా బిగుసుకోదు. బురదగా ఉంటే దిమ్మిస కింద పక్కకి జరిగిపోతుంది.

అంచుల నుంచి లోపలికి కొట్టుకుంటూ రండి. మొదట్లో దిమ్మిస పడిన ప్రతిసారీ థప్పుమని మొద్దు శబ్దం వస్తుంది, దిమ్మిస కూడా అర అంగుళం దిగుతుంది. నాలుగైదు సార్లు అదే చోట పడ్డాక శబ్దం మారి ఠంగుమంటుంది, చేతికి తిరిగి తన్నినట్టు అనిపిస్తుంది. ఆ తన్ను తగిలేదాకా ఆ చోటు వదలొద్దు. 100 చదరపు అడుగులు దాటిన పనికి ప్లేట్ కంపాక్టర్ (దిమ్మిస పని చేసే యంత్రం) అద్దెకు తెచ్చుకుంటే ఒక పూటలో అయిపోతుంది.

పని గుత్తకి ఇచ్చినా, అడ్డా మీద నుంచి రోజు కూలీకి మనుషుల్ని తెచ్చుకున్నా, మీరు ఒక్క పూటే దగ్గరుండగలిగితే ఆ పూట ఇదే కావాలి. బండలు పరిచేది కళ్లకు కనపడుతుంది కాబట్టి అందరూ శ్రద్ధగానే చేస్తారు. ఇది రేపు కనపడదు.

పునాది సరిగ్గా వచ్చిందో లేదో నాలుగు రకాలుగా చూడండి. మడమతో గట్టిగా తొక్కితే గుంట పడకూడదు. 8 మి.మీ. ఇనుప చువ్వని చేత్తో నొక్కితే అర అంగుళం మించి దిగకూడదు. సాయంత్రం నాలుగు బకెట్ల నీళ్లు సమంగా పోసి పొద్దున చూడండి, ఎక్కడైనా కుంగినా, గుంటలో నీళ్లు నిలిచినా అక్కడ మళ్లీ నింపి కొట్టాలి. ఆఖరున బద్ద పెట్టి చూస్తే కింద ఎక్కడా పావు అంగుళం మించి సందు ఉండకూడదు. ఈ ఎగుడుదిగుళ్లని ఇసుకతో సరిచేద్దాంలే అనుకోవద్దు. ఇసుక మందంగా ఉన్న చోటే బాట ముందుగా కుంగుతుంది.

ఖర్చు తగ్గుతుందని పునాదిలో పాత ఇటుక ముక్కలు, గోడ పగలగొట్టిన ప్లాస్టరు వేయిస్తుంటారు. అవి నాని, నలిగి పొడైపోతాయి. అలాగే 40 మి.మీ. కంకర ఒక్కటే పోసి దాని మీద ఇసుక వేస్తే, ప్రతి వానకీ కొంచెం కొంచెంగా ఇసుక కంకర ఖాళీల్లోకి జారిపోతుంది. డస్ట్ కలపమన్నది ఆ ఖాళీలు నిండటానికే.

5. అంచు

అంచు లేని బాట రెండేళ్లలో పక్కలకి విచ్చుకుంటుంది. రెండు వైపులా రాతి ముక్కలు నిలువుగా పాతి, వాటి వెనక 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు ఏటవాలుగా పెట్టి, వారం రోజులు తడపండి. పల్లం వైపు అంచు బండ కన్నా ఎత్తుగా ఉండకూడదు. అక్కడ అర అంగుళం లేచినా బాట మొత్తం తొట్టిలా మారుతుంది. గజిబిజి ఆకారం రాళ్లతో వేస్తుంటే బండలన్నీ పరిచాకే అంచు కట్టుకోవడం సులువు.

6. ఇసుక పరుపు

ముప్పావు అంగుళం జీఐ పైపు బయటి మందం అంగుళం పైచిలుకు ఉంటుంది. మనకి కావలసింది అంతే. రెండు పైపుల్ని పునాది మీద 4 అడుగుల ఎడంగా పెట్టి, మధ్యలో ఇసుక పోసి, బద్దని పైపుల మీద ఆనించి వెనక్కి లాగండి. అద్దంలాంటి పొర వస్తుంది. పైపులు తీసేసి ఆ గాళ్లని ఇసుకతో నింపండి. ఈ ఇసుకని తొక్కొద్దు, కొట్టొద్దు. గంటలో పరవగలిగినంతే వేసుకోండి. రాత్రికి వదిలేస్తే పిల్లులు, కుక్కలు పాడుచేస్తాయి.

7. బండలు పరచడం

సహజ బండలన్నీ ఒకే మందం ఉండవు. ముందే లావువి, మధ్యస్థం, పలచవి అని మూడు వరుసలుగా గోడకి ఏటవాలుగా నిలబెట్టుకోండి. ఒకే వరుసలో ఒకే రకం వాడితే ఇసుక సర్దే పని సగం తగ్గుతుంది. అంగుళంన్నర మందం ఉన్న 2×2 అడుగుల బండ దాదాపు 37 కిలోలుంటుంది. ఇద్దరు కలిసి, మోకాళ్లు వంచి ఎత్తండి. నడుము వంచి ఒక్కరే లేపొద్దు. వేళ్లు నలగకుండా బండ కింద రెండు చెక్కముక్కలు పెట్టి దించి, తర్వాత వాటిని లాగేయండి.

దారం కట్టిన అంచు దగ్గర మొదలుపెట్టి, పరిచిన బండల మీదే నిలబడి ముందుకు సాగండి. బండని ఇసుక మీద ఈడ్వకండి, నేరుగా దించండి. రబ్బరు సుత్తితో మధ్యలో నాలుగు దెబ్బలు, తర్వాత మూలల వైపు. రసమట్టంతో రెండు వైపులా చూడండి.

బండ ఊగుతోందా? పక్కనుంచి కర్రపుల్లతో ఇసుక తోయడం అందరూ చేసే పనే, అది రెండు నెలలు కూడా ఆగదు. బండని పూర్తిగా లేపండి. కింద ఇసుకని దగ్గరగా చూడండి. రాయి ఆనిన చోట ఇసుక నొక్కుకుపోయి నున్నగా మెరుస్తుంటుంది. ఆనని చోట రేణువులు ఎప్పట్లాగే వదులుగా, గరుకుగా ఉంటాయి. ఆ గరుకు చోట గుప్పెడు ఇసుక చల్లి, నున్నగా ఉన్న చోట తాపీతో కొంచెం గీకి మళ్లీ దించండి. రెండోసారి లేపి చూసినప్పుడు ముప్పాతిక భాగానికి పైగా నున్నగా కనిపిస్తే కుదిరినట్టు. సుత్తి శబ్దం కూడా చెబుతుంది. కింద ఖాళీ ఉంటే డొల్లగా వినిపిస్తుంది.

సహజ బండల మధ్య పావు నుంచి అర అంగుళం సందు వదలండి. నాలుగు మూలలు ఒకేచోట కలవకుండా ఒక వరుసకి ఇంకో వరుస సగం జరిపి వేయండి. పేవర్ బ్లాకులైతే సందు 2 నుంచి 4 మి.మీ. చాలు. పక్కపక్క బండల ఎత్తు తేడా, రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం దాటకూడదు. పెద్దవాళ్ల కాలు తట్టుకునేది సరిగ్గా అక్కడే.

గడ్డిలో విడివిడిగా అడుగు బండలు వేసుకునేవాళ్లకి ఒక మాట. మధ్య నుంచి మధ్యకి 2 అడుగులు అని పుస్తకం కొలత పెట్టేయకండి. ఇంట్లో అమ్మనో, అత్తయ్యనో చీరలో మామూలుగా నడవమని, తడి మట్టి మీద పడ్డ అడుగులు కొలవండి. మా ఇంట్లో 20 అంగుళాలే వచ్చింది.

అలాగే గేటు లోపల ముగ్గు వేసే చోటు. గరుకు తాండూరు మీద చుక్కలు నిలవవు, గీత వంకర పోతుంది. అక్కడ ఓ 4×4 అడుగులు మాత్రం సానబెట్టిన షాబాద్ బండ వేయించండి. రోజూ కళ్లాపి చల్లే చోటు కాబట్టి దానికీ వాటం మరవద్దు. పాలిష్ మాత్రం వద్దు, జారుతుంది.

8. కోత

ముక్కలు కోయాల్సినవన్నీ గుర్తుపెట్టుకుని ఆఖరున ఒకేసారి కోయండి. కట్టర్ వాడేటప్పుడు ఒకరు నీళ్లు పోస్తూ ఉండాలి, లేదా కోసేముందు రాయి బాగా తడిపి, మధ్యమధ్యలో ఆగి తడపాలి. గ్రానైట్, కాంక్రీటు కోసిన దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగిరాదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఆగదు. మీ పని చేసే కుర్రాడికి కూడా ఎన్95 మాస్కు, కళ్లద్దాలు మీరే కొనివ్వండి. నీళ్లు, కరెంటు కలిసే పని కాబట్టి ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉన్న లైను నుంచే కనెక్షన్ తీసుకోండి, వైరు జాయింట్లు తడి నేల మీద పడెయ్యొద్దు. మూడు అంగుళాల కన్నా చిన్న ముక్క వచ్చేలా ఉంటే పక్క బండని కొంచెం కోసి రెండూ సమంగా పెట్టండి, చిన్న ముక్క నిలవదు.

9. సందులు నింపడం

పూర్తిగా ఎండిన ఇసుక చల్లి, చీపురుతో అటూ ఇటూ ఊడ్చండి. తడి ఇసుక సందు పైన అడ్డుపడి కింద ఖాళీ వదిలేస్తుంది. సుత్తితో తట్టి మళ్లీ ఊడ్చండి. పేవర్ బ్లాకులైతే కంపాక్టర్ కింద రబ్బరు షీటు పెట్టి ఒకసారి తిప్పి, మళ్లీ ఇసుక నింపండి. మూడుసార్లు చేస్తే గానీ సందు నిండదు. సహజ బండల మీద కంపాక్టర్ పెట్టొద్దు, పగులుతాయి.

సందుల్లో పచ్చదనం కావాలంటే 2 అంగుళాలు వదిలి, ఎర్రమట్టి, ఇసుక కలిపి నింపి గరిక నాటండి. మన ఎండకి తట్టుకుంటుంది. నీళ్లు, కోత రెండూ చూసుకునే ఓపిక లేకపోతే బేబీ చిప్స్ (సన్న కంకర) నింపేయండి. సందుల్లో సిమెంటు పూసే పాయింటింగ్ మాత్రం ఇసుక పరుపు మీద వద్దు. బండ కొంచెం కదిలినా అది పగిలి పెచ్చులుగా లేస్తుంది.

కారు ఎక్కే చోటు

పునాది 8 అంగుళాలు, నాలుగు విడతలుగా. పైన 60 మి.మీ. జిగ్‌జాగ్ పేవర్ బ్లాకులు, లేదా 3 అంగుళాల గ్రానైట్ దిమ్మలు. పలచటి తాండూరు బండ ఇసుక మీద టైరు బరువు మోయలేదు. అదే రాయి కావాలంటే కింద కాంక్రీటు బెడ్ వేయించాలి. సంపు మూత మీదుగా కారు దారి పెట్టుకోవద్దు.

10. అప్పగించుకునే ముందు

డబ్బులు పూర్తిగా ఇచ్చేముందు నల్లా పైపుతో పదిహేను నిమిషాలు నీళ్లు పెట్టండి. ఆపిన అరగంటకి చూస్తే ఎక్కడా మడుగు ఉండకూడదు, గోడ వైపు ఒక్క చారిక కూడా పారకూడదు. ప్రతి బండ మీద నాలుగు మూలలా నిలబడండి. టక్ టక్ మన్న వాటికి సుద్దతో గుర్తు పెట్టి ఆ రోజే లేపించండి. "వానకి అదే సర్దుకుంటుంది" అంటారు. సర్దుకోదు, ఇంకా దిగుతుంది.

తర్వాత

మొదటి వానాకాలం అయ్యాక సందుల్లో ఇసుక తగ్గుతుంది, కొంత చీమలు కూడా మోసుకుపోతాయి. దీపావళి నాటికి మళ్లీ ఒకసారి నింపండి. నీడ పడే వైపు పాకుడు పడితే గట్టి చీపురుతో రుద్ది, ఎండ తగిలేలా కొమ్మలు కత్తిరించండి.

ఒక బండ దిగిందనుకోండి. చుట్టూ సందు ఇసుక గీకి, రెండు తాపీలు ఎదురెదురుగా దూర్చి లేపండి. ఇసుక ఒక్కటే జారి ఉంటే నింపి మళ్లీ పరవండి. అక్కడ పునాది కూడా గుంటపడి ఉంటే, ఆ గుంటని ఇసుకతో కాకుండా కంకర, డస్ట్ మిశ్రమంతో నింపి కొట్టాలి. అదే చోట రెండోసారీ దిగితే కింద పైపు లీకవుతోందేమో చూడండి. నల్లాలన్నీ కట్టేసి రాత్రి నీళ్ల మీటరు రీడింగు రాసుకుని, పొద్దున పోల్చి చూస్తే తెలిసిపోతుంది.